కొండలయ్య మూడో గేరు

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో, హెన్రీ షెడ్డులో, ఆ బుధవారం పొద్దున రెండు గేరుబాక్సులు పక్కపక్కన నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఒకటి కాంట్రాక్టరు సురేంద్రబాబు ఎం.జి. కారుది. ఇంకోటి ఉదయగిరి కొండలయ్య అంబాసిడర్‌ది.

బాక్సు విప్పినప్పుడు హెన్రీకి ఒక పద్ధతి ఉంది. బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచి, తీసిన వస్తువును తీసిన వరసలోనే పెడతాడు. ఒక బండి గుడ్డ మీది వస్తువు ఇంకో బండి గుడ్డ మీదికి పోకూడదు. పని నేర్పిన జనార్దనయ్య పెట్టిన కట్టుబాటు అది. అరిగిన పళ్ళు అరిగిన పళ్ళతోనే కాపురం చేస్తాయిరా, మధ్యలో పరాయిదాన్ని తెచ్చి కూర్చోబెడితే ఇల్లే కూలిపోతుంది అనేవాడాయన.

కానీ ఎం.జి. విషయంలో ఆ కట్టుబాటు మొదటి రోజే చెల్లలేదు. ఆ బాక్సు బాక్సులాగా రాలేదు, సిమెంటు సంచిలో ముక్కలుగా వచ్చింది. అరవై ఏళ్ళనాటి పరుగుపందేల కారు. రెండే సీట్లు, పైకప్పు లేదు, ముదురాకు పచ్చ రంగు. సురేంద్రబాబు దాన్ని చెన్నైలో ఎవరి ఇంట్లోనో దుమ్ము కింద చూసి మనసు పారేసుకుని కొన్నాడు. అక్కడి షెడ్డులవాళ్ళు రెండుసార్లు విప్పి, మా వల్ల కాదని సంచిలో పోసి ఇచ్చారు. హెన్రీ రెండు నెలలు దాని మీదే కూర్చున్నాడు. బేరింగులు చెన్నై పాత ఇనప బజారు నుంచి ఏరుకొచ్చాడు. ఇత్తడి రింగులు ఇంగ్లండు నుంచి పోస్టులో వచ్చాయి. ఒక షాఫ్టు కావలిలో తుక్కుకు వేసిన అంబాసిడర్‌ది, దాన్ని ఆకురాయితో రాసి రాసి సరిపెట్టాడు. ఎం.జి. బాక్సూ అంబాసిడర్ బాక్సూ ఒక తల్లి బిడ్డలే. ఒకరు దొరల ఇంట్లో, ఒకరు కూలి ఇంట్లో పెరిగారు గానీ లోపలి రక్తం ఒకటే. అయితే అన్నీ కలవవు. కొన్ని కలిసినట్టే కనబడి కలవవు. ఏది కలుస్తుందో చెప్పగలిగినవాడు జిల్లాలో తనొక్కడే అని హెన్రీకి తెలుసు. తెలియడమే కాదు, ఈ రెండు నెలల్లో ఆ మాట తనలో తాను చాలాసార్లు అనుకున్నాడు.

ఇంక ఒక్కటే కొరత. మూడో గేరుకూ నాలుగో గేరుకూ నడుమ అటూ ఇటూ జరిగి, కావలసినదాన్ని పట్టుకుని నిలిపే ఇనప కంకణం ఒకటుంటుంది. స్లీవు అంటారు. ఎం.జి.ది చూస్తే లోపలి పళ్ళు చప్పరించిన బెల్లం ముక్కలాగా గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. దాన్ని పెట్టి మూతేస్తే మూడో గేరు వేసిన కాసేపటికే జారి బయటికొస్తుంది. కొత్తది ఎక్కడా దొరకలేదు. శుక్రవారం కెమెరా పెట్టుకుని మనుషులు వస్తారనీ, బండి నడుస్తా ఉండాలనీ సురేంద్రబాబు రెండుసార్లు ఫోను చేశాడు.

పక్క గుడ్డ మీద కొండలయ్య స్లీవు ఉంది. పోయిన ఏడాది హెన్రీయే కొత్తది తెప్పించి వేశాడు. పళ్ళ అంచులు ఇంకా గోటికి గుచ్చుకుంటున్నాయి. కొండలయ్య బండి వచ్చింది వెనక బేరింగు మోతకు మాత్రమే.

సరిపోతుందా చూద్దాం, అంతే అనుకున్నాడు హెన్రీ. కిరసనాయిల్లో కడిగి, గుడ్డతో తుడిచి, ఎం.జి. షాఫ్టు మీద పెట్టి బొటనవేలితో తోశాడు. అది టక్కుమని పోయి కూర్చుంది. రెండు నెలలుగా వినాలనుకుంటున్న చప్పుడు అది. మళ్ళీ లాగి మళ్ళీ తోశాడు. మళ్ళీ అదే చప్పుడు. దాన్ని తీసి తిరిగి పక్క గుడ్డ మీద పెట్టాలంటే ఆ తర్వాత చేతులు రాలేదు.

మధ్యాహ్నానికి ఎం.జి. అరిగిన స్లీవు కొండలయ్య బాక్సులో కూర్చుంది. పట్టు కోసం కింద కొత్త స్ప్రింగులు వేశాడు. పెద్దాయన నలభై దాటి తోలడు, ఉన్నది ఆ ఉదయగిరి, వింజమూరు రోడ్లు, నెలలోపల ఎక్కడో ఒక స్లీవు దొరక్కపోదు, ఏదో వంకన పిలిచి మార్చేస్తే సరి. ఇవన్నీ అనుకుంటూనే మూత బోల్టులు బిగించాడు. ఒక్కొక్క బోల్టుకు ఒక్కొక్క మాట సరిపోయింది.

సాయంత్రం కొండలయ్య వచ్చాడు. అరవై నాలుగేళ్ళ మనిషి. బండి చక్రాల కింద నిమ్మకాయలు తనే పెట్టుకున్నాడు గానీ, హెన్రీ బానెట్టు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యందే షెడ్డు దాటడు. ఆ అలవాటు ఏళ్ళనాటిది. మా దేవుడు చక్రాలు చూసుకుంటాడు, మీ దేవుడు ఇంజను చూసుకుంటాడు అంటాడు. హెన్రీ కళ్ళు మూసుకున్నాడు. ఎక్కినవాళ్ళను దిగేదాకా కాపాడమని ఎప్పుడూ అనే మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఏదో గొణిగి కళ్ళు తెరిచాడు.

"ఏందిరా, ఇయ్యాల ఆమెన్ తొందరగా వచ్చేసింది?" అన్నాడు కొండలయ్య. "ఆకలేస్తా ఉండాదా మీ దేవుడికి?"

హెన్రీ నవ్వాడు. నిమ్మకాయలు చితికాయి, అంబాసిడర్ సందు మలుపు తిరిగింది.

అది జరిగిన పదకొండో రోజు ఆదివారం. గుడిలో పాస్టరు జోయల్ గారు ప్రకటనలన్నీ అయ్యాక, మన సంఘస్తుడు హెన్రీకి దేవుడిచ్చిన చేతిపనిని బట్టి స్తోత్రం చెప్పుకుందాం అన్నారు. సురేంద్రబాబు తీయించిన వీడియో అప్పటికే ఊళ్ళో అందరి ఫోన్లలోకీ వెళ్ళిపోయింది. అందులో పచ్చ కారు చెరువు కట్ట మీద దూసుకుపోతుంది. తర్వాత సురేంద్రబాబు హెన్రీ భుజం మీద చెయ్యేసి, లోపలన్నీ ఒరిజినల్ పార్టులే గదా హెన్రీ అని అడుగుతాడు. హెన్రీ తల ఊపుతాడు. బెంచీల్లో వాళ్ళందరూ వెనక్కి తిరిగి చూస్తుంటే హెన్రీ పాటల పుస్తకంలోకి చూపు దించుకున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టుంది అతని పని. అందరూ అది అణకువ అనుకున్నారు.

ఆ పూట భోజనానికి ఇంటికి హన్నమ్మ వచ్చింది. ఆమె హెన్రీ భార్య ఏంజెలిన్‌కు పెద్దమ్మ, ఉదయగిరిలో టీచరుగా చేసి రిటైరయింది. మర్నాడు ఆత్మకూరులో కళ్ళ డాక్టరుకు చూపించుకోవాలి. ఎప్పుడూ కొండలయ్య బండిలో వచ్చే మనిషి, బస్సులో నిలబడి వచ్చానంటూ కాళ్ళు ఒత్తుకుంటోంది. ఏంజెలిన్ కూర వడ్డిస్తూ, కొండలయ్య అన్న ఊళ్ళో లేడా అని అడిగింది.

"ఉండాడమ్మా. చెయ్యి పోయిందంట ఆయనకి."

హన్నమ్మ నిదానంగా చెప్పుకొచ్చింది. దుత్తలూరుకు ఇవతల దిగుడులో మూడో గేరు వేసి వస్తుంటే అది దానంతటదే జారిపోయిందట. బండి పట్టు తప్పి పరుగందుకుంది. ఎదురుగా మేకల మంద. కొండలయ్య పక్కకు తిప్పాడు గానీ ఒక మేకకు కాలు విరిగింది. ఆయన దిగి తన తువ్వాలు చింపి దానికి కట్టు కట్టి, మేకలాయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అట్లాగే అయింది. గేరు పూర్తిగా వేశాననుకుంటున్నాననీ, చెయ్యి సగంలోనే ఆగిపోతోందనీ, అది తనకు తెలియడం లేదనీ ఆయన నమ్మకం. వాళ్ళన్నకు పక్షవాతం అట్లాగే మొదలయిందట. నెల్లూరు పోయి తలకు స్కానింగు తీయించుకున్నాడు. ఏమీ కనబడలేదు, అయినా ముందుజాగ్రత్తకు మాత్రలిచ్చి, బండి తోలొద్దన్నారు. బండి తుక్కుకు ఇచ్చేస్తానని కావలి బేరగాడికి చెప్పేశాడు. మంగళవారం వచ్చి లాక్కుపోతారు.

హెన్రీ చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఏందయా, కూర ఉప్పయిందా?" అంది ఏంజెలిన్.

"లేదు."

హన్నమ్మ అతని వైపు తిరిగింది. "నేను అడిగినానయ్యా. బాక్సులో ఏమన్నా లోపం ఉండాదేమో, హెన్రీకి ఒకసారి చూపించరాదా అన్నాను. నన్ను కసిరినాడు. హెన్రీ చెయ్యి పడినాక బాక్సులో ఏముంటుంది టీచరమ్మా, తప్పంతా నా చేతిలోనే ఉండాది అన్నాడు."

హెన్రీ లేచి చెయ్యి కడుక్కున్నాడు.

పెరట్లో నిలబడితే అతనికి మొదట తోచింది కొండలయ్య కాదు, మంగళవారం. తుక్కువాళ్ళు బండిని గ్యాసుతో కోస్తారు. బాక్సు పగలగొట్టి ఇనుము ఇనుములో వేస్తారు. ఆ స్లీవు ఏ కొలిమిలో కరిగిందో ఆ దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాగానే గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. ఆ దిగడం చూసే అతను భయపడ్డాడు. దారి తెరుచుకుంటే దేవుడే తెరిచాడనుకోవడం మనకు అలవాటు. కానీ ఎవరు తెరిచినా దారి దారిలాగే ఉంటుంది గదా, ఎవరు తెరిచారో కనుక్కోవడం ఎట్లా?

హన్నమ్మ కునుకు తీస్తున్నప్పుడు ఏంజెలిన్‌కు చెప్పాడు. ఆమె ఉతికిన బట్టలు మడత పెడుతోంది. గుడ్డలు, వరస, చప్పుడు, అన్నీ చెప్పాడు. ఆమె అడ్డు రాలేదు. మడత పెట్టిన చీర పక్కన పెట్టి, ఇంకోటి తీసుకుని, దాని అంచులు కలుపుతూ అంది.

"నాతో చెప్పి ఏం లాభం? ఆ గేరు నాది కాదు గదా."

సోమవారం పొద్దున్నే హెన్రీ సురేంద్రబాబు ఇంటికి పోయాడు. వట్టి చేతులతో ఉదయగిరి పోవడం అతనికి ఇష్టం లేదు. ఆ స్లీవు తీసుకుని, దాంతోపాటు మాట కూడా తీసుకుని పోతే, మాట కొంచెం తేలికవుతుందని ఆశ.

సురేంద్రబాబు తనే గుడ్డ పట్టుకుని పచ్చ కారు అద్దాలు తుడుస్తున్నాడు. టీ తెప్పించాడు. హెన్రీ చెప్పిందంతా విని ముందు నవ్వాడు. అంబాసిడర్‌దైతే మాత్రం ఏమయింది, లోపల దూరి చూసేదెవరు అన్నాడు. అది ఒక ముసలాయన బండిలోంచి తీసిందని అర్థమయ్యాక నవ్వు తగ్గింది. చెడ్డవాడు కాడు. కానీ వచ్చే ఆదివారం చెన్నైలో పాత కార్ల ఊరేగింపు ఉంది, పేరిచ్చేశాడు, చుట్టాలందరికీ చెప్పేశాడు.

"పై సోమవారం వచ్చి విప్పుకో హెన్రీ, కాదనను. అందాకా ఆయన్ను ఆగమను. ఆయనేమన్నా ఊరేగింపుకు పోవాలా?"

"రేపు బండిని తుక్కుకు ఇస్తా ఉండాడు సార్."

"ఇవ్వద్దని చెప్పు. అయినా వీడియోలో తల ఊపింది నువ్వే గదయ్యా, నేను గాదు గదా."

కారు హెన్రీది కాదు. లోపల ఉన్నది ఎవరిదైనా, మూత విప్పాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. టీ గ్లాసు అరుగు మీద పెట్టి, బస్టాండుకు వచ్చి, ఉదయగిరి బస్సెక్కాడు.

దారిపొడుగునా మాటలు పేర్చుకున్నాడు. స్ప్రింగుల సంగతితో మొదలుపెట్టాలా, దొరకని పార్టు సంగతితో మొదలుపెట్టాలా? ఎట్లా పేర్చినా ఎక్కడో ఒక చోట తన పేరు మీదికే వచ్చి ఆగుతోంది. వింజమూరు దాటింది. దుత్తలూరు దాటింది. ఉదయగిరి కొండ కిటికీలో పెద్దదయింది.

కొండలయ్య ఇంటి ముందు రేకుల కింద అంబాసిడర్ ఉంది. డిక్కీ తెరిచి ఉంది. ఆయన అందులోంచి సామాను ఒక్కొక్కటే తీసి గోనెపట్టా మీద పెడుతున్నాడు. జాకీ, పానాలు, నీళ్ళ డబ్బా, అద్దం దగ్గరుండే వెంకటేశ్వరస్వామి పటం. గడ్డం పెరిగి ఉంది. ఎడమ చేతిని దేనికీ వాడడం లేదు, పొట్టకు ఆనించుకుని కుడిచేత్తోనే అంతా లాగుతున్నాడు. అరుగు మీద ఆయన భార్య మాలకొండమ్మ వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

"ఏందిరా, నీకెవరు చెప్పినారు?" అన్నాడు కొండలయ్య హెన్రీని చూసి. "టీచరమ్మేనా? మంచిపనే చేసింది. నేనే కబురు పెడదామనుకుంటా ఉండా. ఈ జాకీ నువ్వు తీసుకుపోరా. తుక్కోళ్ళ పాలెందుకు, నీకైతే పనికొస్తుంది."

జాకీ ఎత్తి అందివ్వబోయాడు. హెన్రీ చేతులు చాపలేదు. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"అన్నా, నీ చెయ్యి బాగుండాది. నీ గేరులో మంచి వస్తువు తీసి, పనికిరానిది పెట్టినాను నేను."

కొండలయ్యకు అర్థం కాలేదు. హెన్రీ మొదటి నుంచీ చెప్పాడు. ఎం.జి. సంగతి, అరిగిన స్లీవు సంగతి, గుడ్డ మీద నుంచి గుడ్డ మీదికి పోవడం. అది అరిగితే గేరు దానంతటదే జారుతుంది, నువ్వు ఎంత గట్టిగా వేసినా జారుతుంది, దాన్ని ఏ చెయ్యీ ఆపలేదు అన్నాడు. కొండలయ్య జాకీని రొమ్ముకు ఆనించుకుని వింటున్నాడు.

"మళ్ళీ చెప్పు."

హెన్రీ మళ్ళీ చెప్పాడు. ఈసారి ఇంకా పొట్టిగా అయింది.

"ఏమే," అని పిలిచాడు కొండలయ్య అరుగు వైపు తిరిగి. "ఏమే, ఇంటివా? నా చెయ్యి గాదంట."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. జాకీ కింద పెట్టి, పట్టా మీదే కూలబడి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. చెయ్యి గాదంట, ఇనుమంట అని రెండు మూడుసార్లు అన్నాడు. హెన్రీ తిట్లకు సిద్ధపడి వచ్చాడు. చెంపదెబ్బకు కూడా సిద్ధపడే వచ్చాడు. ఈ సంతోషం ముందు ఎట్లా నిలబడాలో అతనికి తెలియలేదు. తను ఆ మనిషి దగ్గర్నుంచి తీసుకుపోయింది ఎంతో, ఆ నవ్వు చూశాకే తెలిసింది.

మాలకొండమ్మ నవ్వలేదు. ఒళ్ళోని పొట్టు దులుపుకుని లేచి వచ్చింది. "అయితే ఈయన మింగతా ఉండే మాత్రలు ఆపెయ్యాల్నా, ఉండనియ్యాల్నా?" అని అడిగింది హెన్రీని. గేరుబాక్సు గురించి అడిగినట్టే అడిగింది. తెలిసినవాడు చెప్పాలి అన్నట్టు.

"డాక్టరును అడగాల వదినా," అన్నాడు హెన్రీ. "నేను గూడా వస్తా. నేనే చెప్తా ఆయనకి, ఏం జరిగిందో."

కొండలయ్య నవ్వు ఆగిపోయింది. తువ్వాలుతో మొహం తుడుచుకుని హెన్రీ వైపు చూశాడు.

"తెలిసే చేసినావా?"

"తెలిసే చేసినానన్నా."

వీధిలో ఎవరో ఆవును తోలుకుపోతున్నారు. కొండలయ్య పానాలను మళ్ళీ ఒక్కొక్కటే సంచిలో వేయసాగాడు. వేస్తూనే, గొంతు పెంచకుండా అన్నాడు.

"మా కూతురు రేణుక బిడ్డను తీసుకుని వచ్చింది మొన్న. బిడ్డకు మూడో నెల. ఎత్తుకో నాయనా అని చేతికిచ్చింది. ఎత్తుకోలేదురా నేను. యాడ జారిపోతాదోనని. పనుండాదని చెప్పి బజారుకు పోయినా."

హెన్రీ తల వంచుకున్నాడు. క్షమించు అనే మాట నోట్లో ఉంది గానీ, ఆ బిడ్డ ముందు దాన్ని పెట్టడానికి అతనికి మొహం చెల్లలేదు.

కొండలయ్య కావలికి ఫోను చేసి రావొద్దని చెప్పాడు. సురేంద్రబాబు పై సోమవారం దాకా తన బాక్సు విప్పనివ్వడని హెన్రీ చెబితే, సరేలే, బండి నీ షెడ్డులోనే ఉంటుంది అన్నాడు. "ఎక్కు. నా బాక్సు ఇయ్యాలే నా కళ్ళ ముందర విప్పాల నువ్వు. నన్ను పిచ్చోణ్ణి చేసిన ఆ ఇనుము ఎట్లుంటాదో చూడాల నేను."

మాలకొండమ్మ వద్దంది. గేరు ఇంకా అదే గదా, దారిలో జారితే ఏం గతి అంది. లారీ మీద పంపమంది.

"జారదులే," అన్నాడు కొండలయ్య తలుపు తీస్తూ. "వీడు పట్టుకుంటాడు."

అంబాసిడర్‌లో గేరు కడ్డీ స్టీరింగు కిందనే, ఎడమ పక్కన ఉంటుంది. ముందు సీటు నిడుపాటి బల్లలాంటిది. పక్కన కూర్చున్నవాడు దగ్గరికి జరిగి కుడిచెయ్యి చాపితే కడ్డీ అందుతుంది. ఊరు దాటేదాకా ఒకటీ రెండుతో నడిచింది. రోడ్డు మీదికి రాగానే కొండలయ్య మూడో గేరు వేశాడు. "ఊ," అన్నాడు. హెన్రీ కడ్డీ గుండు మీద అరచెయ్యి వేసి బిగించాడు.

ఎత్తు మీద బాగానే ఉంది. దిగుడు రాగానే కడ్డీ ప్రాణమొచ్చినట్టు కదిలింది. కట్టుతాడు గుంజే దూడలాగా అరచేతిని నెట్టింది. హెన్రీ అదిమిపెట్టాడు. లోపల ఆ గుండ్రని పళ్ళు ఎక్కడ జారుతున్నాయో, ఎక్కడ పట్టు వెతుక్కుంటున్నాయో అతనికి చేతిలో తెలుస్తోంది. నెట్టుడు మణికట్టుకెక్కింది, మోచేతికెక్కింది, భుజంలోకి పోయింది. ఇన్ని రోజులూ ఇదంతా ఆ మనిషి ఒక్కడే పట్టుకుని, ఇనుము మీద కాకుండా తన మీద అనుమానపడ్డాడు.

దుత్తలూరు దిగుడులో ఎండ ఎదురుగా కొడుతోంది. హెన్రీ చెమట కనుబొమల మీద నుంచి కంట్లోకి కారింది. తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

"నొప్పి పుడతా ఉంటే చెప్పు, ఆపుతా," అన్నాడు కొండలయ్య, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

"వద్దన్నా."

కొంత దూరం పోయాక, కొండలయ్య కుడిచేత్తో స్టీరింగు పట్టుకుని, ఖాళీగా ఉన్న ఎడమ చేతిని మెల్లగా పైకెత్తాడు. అద్దం ముందు వెలుతురులో వేళ్ళు చాచి పెట్టాడు. ముందు అరచేతి వైపు, తర్వాత రెండో వైపు తిప్పి చూసుకున్నాడు. అది కదలకుండా అట్లాగే నిలబడింది.

వణుకుతున్నది హెన్రీ చెయ్యి. అతను పట్టు వదల్లేదు.